నెట్‌వర్క్‌ల గుంపులు సరిగా పడటం లేదా? లక్షణం నుంచి కారణానికి, కారణం నుంచి పరిష్కారానికి

ఒక ఊరి నెట్‌వర్క్ తీసుకుని, అందులోని ఇళ్లను గుంపులుగా విడదీయడం చాలామందికి తెలిసిన పనే. ఇక్కడ చెప్పబోయేది దానికి ఒక మెట్టు పైన ఉన్న పని. 24 ఊర్లు తిరిగి, ఎవరు ఎవరి దగ్గర చేబదులు తీసుకుంటారో రాసుకొచ్చామనుకోండి. ప్రతి ఇల్లూ ఒక నోడ్, చేబదులు నడిచే రెండిళ్ల మధ్య ఒక లింకు. అంటే 24 నెట్‌వర్క్‌లు. ఇప్పుడు గుంపులు చేయాల్సింది ఇళ్లను కాదు, ఊర్లను. ఏ ఊరి అల్లిక ఏ ఊరి అల్లికను పోలి ఉందన్నది ప్రశ్న.

కొన్ని ఊర్లలో చేబదుళ్లన్నీ ఒకటి రెండు పెద్ద ఇళ్ల చుట్టూ తిరుగుతాయి. కొన్ని ఊర్లు రెండు వీధులుగా చీలిపోయి ఉంటాయి, ఈ వీధి డబ్బు ఆ వీధి గడప తొక్కదు. ఇంకొన్నిట్లో ఎవరికి అవసరమైతే వాళ్లకు ఎవరైనా ఇస్తారు. ఈ తేడా తెలిస్తే పొదుపు సంఘాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో, ఒక కబురు ఎవరి చెవిన వేస్తే ఊరంతా పాకుతుందో తెలుస్తుంది. అందుకే గుంపులు తప్పుగా పడితే అది లెక్కల పుస్తకంలో ఆగిపోయే తప్పు కాదని నేను నమ్ముతాను.

తిరుపతిలో పీజీ, పీహెచ్‌డీ పిల్లలకు ఈ లెక్కల్లో చేయి అందిస్తుంటాను. వాళ్లు తెచ్చే సమస్యలు మళ్లీ మళ్లీ అవే. వాటిని లక్షణాల వారీగా రాస్తున్నాను. కింద వచ్చే ఊర్ల అంకెలు లెక్క అర్థం కావడానికి పెట్టుకున్నవే. సొంత డేటా లేనివాళ్లకు ఒక మాట: మన కుప్పం సరిహద్దు దాటితే కర్ణాటక. అక్కడి 75 గ్రామాల్లో 12 రకాల సంబంధాలను సేకరించిన డేటా అందరికీ అందుబాటులో ఉంది. సూక్ష్మరుణాల కబురు ఊర్లలో ఎలా పాకుతుందో చూడటానికి బెనర్జీ, చంద్రశేఖర్, డుఫ్లో, జాక్సన్ 2013లో ప్రచురించిన అధ్యయనం కోసం వాడిన డేటా అది. సాధనకు అంతకంటే దగ్గరి ఊర్లు దొరకవు.

లక్షణం: "ఏ రెండు ఊర్లు చూసినా దూరం దాదాపు ఒకటే వస్తా ఉంది సార్"

కారణం తొంభై పాళ్లు ఇదే. రెండు ఊర్ల మాత్రికలు (ఇంటికో అడ్డ వరుస, ఇంటికో నిలువు వరుస, లింకు ఉన్న గడిలో 1, లేని గడిలో 0) పక్కపక్కన పెట్టి, గడి గడికీ తేడాలు లెక్కబెట్టి ఉంటారు. ఆ లెక్కకు అర్థం ఉండాలంటే రెండు మాత్రికల్లోనూ మొదటి వరుస ఒకే మనిషిది కావాలి. పీలేరు దగ్గరి ఊర్లో 7వ ఇంటికీ, నగరి దగ్గరి ఊర్లో 7వ ఇంటికీ ఏ చుట్టరికమూ లేదు.

మూడిళ్లతో చూడండి. ఒక ఊర్లో 1వ ఇంటికి 2తో, 2వ ఇంటికి 3తో లింకులు. ఇంకో ఊర్లో 1కి 2తో, 1కి 3తో. రెండింటి ఆకారమూ ఒకటే: మధ్యలో ఒక ఇల్లు, దానికి అటొకటి ఇటొకటి. గడుల లెక్క మాత్రం ఉన్న 3 జతల్లో 2 తేడాగా ఉన్నాయంటుంది. ఇళ్లకు నంబర్లు వేసిన వరుసను కొలిచి, ఊరిని కొలిచామనుకుంటున్నాం.

పరిష్కారం అల్గారిథమ్ మార్చడంతో మొదలవదు, ఒక ప్రశ్నతో మొదలవుతుంది: నా నెట్‌వర్క్‌లన్నిట్లోనూ నోడ్లు అవేనా, వేరువేరా?

అవే ఉండే సందర్భాలూ ఉన్నాయి. తిరుపతి బస్టాండ్, అలిపిరి, రేణిగుంట, చంద్రగిరి, పాకాల, పుత్తూరు, శ్రీకాళహస్తి నోడ్లుగా, ఒక రోజు తిరిగిన బస్సు ట్రిప్పులు లింకుల బరువుగా, రోజుకొక నెట్‌వర్క్ తయారుచేశామనుకోండి. ఇక్కడ పేర్లు మారవు కాబట్టి గడి గడికీ పోల్చడమే సరైన పని. గరుడ సేవ నాడు అలిపిరి వైపు బరువెక్కుతుంది. శివరాత్రి నాడు శ్రీకాళహస్తి వైపు బరువెక్కుతుంది. పేర్లు పక్కనబెట్టి ఆకారం ఒక్కటే చూసే కొలత వాడితే, ఏదో ఒక వైపు బరువెక్కిన రోజులుగా ఆ రెండూ ఒకే గుంపులో పడిపోయే ప్రమాదం ఉంది. చేతిలో ఉన్న సమాచారాన్ని మనమే పారేసుకున్నట్టు. ఈ రకం డేటాకు సిగ్నొరెల్లి, విట్ 2020లో ఇచ్చిన మిశ్రమ నమూనాలు (ఒక్కో గుంపుకు ఒక్కో మోడల్ ఉందనుకునేవి) ఉన్నాయి. యంగ్, కిర్క్‌లీ, న్యూమన్ 2022లో ఇచ్చిన పద్ధతీ ఉంది. ఈ రెండో దాంట్లో ప్రతి గుంపుకూ ఒక అసలు నెట్‌వర్క్ ఉంటుందనీ, మనకు కనిపించేవి దానికి పొరపాట్లతో పడిన నకళ్లనీ భావిస్తారు. ఒక రోజు పాకాల వైపు బస్సే నడవకపోతే ఆ నోడ్‌ను తీసేయకండి, లింకుల్లేని నోడ్‌గా ఉంచండి. తీసేస్తే వరుసలన్నీ ఒక గడి జరిగిపోతాయి.

నోడ్లు వేరువేరైతే, అంటే మన ఊర్ల కథ అయితే, పేర్లతో పనిలేని కొలతలే వాడాలి: చిన్న చిన్న ఆకృతుల లెక్కలు (మూడిళ్లూ ఒకదానితో ఒకటి కలిసిన త్రిభుజాల్లాంటివి), ఐగెన్ విలువలు (మాత్రిక నుంచి వచ్చే, ఇళ్ల నంబర్ల వరుస మార్చినా మారని అంకెలు), గ్రాఫాన్ అంచనాలు (లింకు పడే సంభావ్యతలను పటంలా చూపేవి), స్టొకాస్టిక్ బ్లాక్ మోడళ్ల (ఇళ్లను బ్లాకులుగా పంచి, ఏ రెండు బ్లాకుల మధ్య లింకు పడే సంభావ్యత ఎంతో చెప్పే మోడళ్ల) మిశ్రమం. మిగతా తిప్పలన్నీ ఎక్కువగా ఈ దారిలోనే ఎదురవుతాయి.

లక్షణం: "పెద్ద ఊర్లన్నీ ఒక గుంపు, చిన్న ఊర్లన్నీ ఒక గుంపు"

దీని మీద కాస్త ఎక్కువసేపు నిలబడాలి. నా దగ్గరికి వచ్చే ఫలితాల్లో ఎక్కువగా కనిపించే జబ్బు ఇదే, ఒక పొర ఒలిస్తే కింద ఇంకో పొర ఉంటుంది.

మొదటి పొర అందరికీ తెలిసిందే. 50 ఇళ్ల ఊర్లో 1,225 జతలు, 200 ఇళ్ల ఊర్లో 19,900 జతలు. ముగ్గురేసి చొప్పున లెక్కేస్తే 19,600 ఒకచోట, 13,13,400 ఇంకోచోట. లింకుల సంఖ్యో, త్రిభుజాల సంఖ్యో నేరుగా తీసుకుంటే మీరు కొలిచింది జనాభానే. "దానికేముంది సార్, జతలతో భాగించి సాంద్రత తీసుకున్నా" అంటారు.

రెండో పొర అక్కడే ఉంది. చేబదులు అడగగలిగేంత దగ్గరివాళ్లు ఒక ఇంటికి సుమారు ఆరుగురు ఉంటారనుకుందాం. ఊరు పెద్దదైనా చిన్నదైనా ఆ ఆరుగురే, ఎందుకంటే మనిషి సంబంధాలు నిలబెట్టుకోగలిగేది అంతవరకే. అప్పుడు 50 ఇళ్ల ఊర్లో 150 లింకులు, సాంద్రత 0.122. 200 ఇళ్ల ఊర్లో 600 లింకులు, సాంద్రత 0.030. రెండు ఊర్ల మనుషుల నడవడి అచ్చం ఒకటే అయినా సాంద్రత నాలుగో వంతుకు పడిపోయింది. అంటే జనాభాను తీసేద్దామని భాగించి, తలకిందులుగా మళ్లీ జనాభానే లోపలికి తెచ్చుకున్నాం. త్రిభుజాల సాంద్రత ఇంకా ఘోరం. లింకులు యాదృచ్ఛికంగా పడ్డాయనుకుంటే అది సుమారు 67వ వంతుకు దిగిపోతుంది.

బ్లాక్ మోడల్ వాడితే తప్పించుకున్నామా అంటే అదీ లేదు. బ్లాకుల మధ్య లింకు పడే సంభావ్యత కూడా ఒక రకం సాంద్రతే. ఒకే అల్లిక ఉన్న చిన్న ఊరినీ పెద్ద ఊరినీ మోడల్ రెండు వేరు గుంపుల్లో పెడుతుంది, దాని లెక్క ప్రకారం అది తప్పు కూడా కాదు.

పరిష్కారానికి ముందు నిర్ధారణ చేసుకోండి. అడ్డంగా గుంపు నంబరు, నిలువుగా ఇళ్ల సంఖ్య పెట్టి ఒక బొమ్మ గీయండి. గుంపులు మెట్లు మెట్లుగా కనిపిస్తే జబ్బు ఇదే. అదే బొమ్మ ఇళ్ల సంఖ్య బదులు సగటు డిగ్రీతో (ఒక ఇంటికున్న లింకుల సంఖ్యే దాని డిగ్రీ) ఇంకోసారి గీయండి. రెండో బొమ్మలో మెట్లు లేకపోతే సందేహం తీరినట్టే.

ఆ తర్వాత ప్రతి ఊరినీ దానితోనే పోల్చండి. ఊరి నెట్‌వర్క్‌లో రెండు లింకులు తీసుకుని చివరలు మార్చండి: రాముడి ఇల్లు–గౌరి ఇల్లు, వేలు ఇల్లు–మునెమ్మ ఇల్లు అని ఉన్నవి రాముడి ఇల్లు–మునెమ్మ ఇల్లు, వేలు ఇల్లు–గౌరి ఇల్లు అవుతాయి. ఎవరి డిగ్రీ మారదు, అల్లిక మాత్రం చెదిరిపోతుంది. ఇలా వేలసార్లు మారిస్తే అదే పరిమాణం, అవే డిగ్రీలు ఉన్న ఒక చెదిరిన ఊరు వస్తుంది. అలాంటివి ఓ వంద తయారుచేసి, అసలు ఊర్లో త్రిభుజాలు వాటి సగటు కంటే ఎన్ని ఎక్కువున్నాయో చూసి, ఆ అదనాన్ని ఇళ్ల సంఖ్యతో భాగించండి. ఇంటికి ఇంత చొప్పున వచ్చే ఆ అదనం మీద గుంపులు చేస్తే జనాభా వాసన చాలావరకు పోతుంది. ఇక్కడ ఒక గుంట ఉంది, జాగ్రత్త. చాలామంది ఈ అదనానికి బదులు సగటుకు ఎన్ని రెట్లన్నదో, జడ్-స్కోరో (సగటుకు ఎన్ని ప్రామాణిక విచలనాల దూరంలో ఉందో చెప్పే అంకె) తీసుకుంటారు. చెదిరిన ఊర్లో త్రిభుజాలు ఊరు పెరిగినా పెద్దగా పెరగవు కాబట్టి రెట్లు ఊరితో పాటే పెరుగుతాయి. నెట్‌వర్క్ పెద్దదయ్యే కొద్దీ ప్రామాణిక విచలనం సాపేక్షంగా చిన్నదై, జడ్-స్కోరు తనంతట తానే పెరుగుతుంది. వెనక వాకిలి నుంచి జనాభా మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

మోడల్ దారిలో వెళ్లేవాళ్లు ప్రతి నెట్‌వర్క్‌కూ ఒక సొంత సాంద్రతా గుణకం పెట్టాలి. గుంపుకు ఉమ్మడిగా ఉండేది బ్లాకుల మధ్య నిష్పత్తులు, ఊరికి సొంతంగా ఉండేది ఆ గుణకం. షాబెర్-లిడెల్, బార్బియోన్, డోనే ఆహారపు గొలుసుల నెట్‌వర్క్‌ల కోసం తయారుచేసిన ఉమ్మడి బ్లాక్ మోడళ్లలో ఈ వెసులుబాటు ఉంది. ఏ చెరువులో ఏ జీవి దేన్ని తింటుందన్న డేటాలోనూ చెరువుకో పరిమాణం ఉంటుంది కదా, తిప్పలు అవే.

అలాగని పరిమాణాన్ని అసలే పట్టించుకోవద్దని కాదు. పెద్ద ఊర్లలో నిజంగానే వడ్డీ వ్యాపారం చుట్టూ అల్లిక ఉండొచ్చు. గుంపులు చేశాక, ప్రతి గుంపులో ఊర్లు ఎంతెంత పెద్దవో అప్పుడు చూడండి. పరిమాణం వివరణగా రావాలి, గుంపు కట్టే కొలతగా కాదు.

లక్షణం: "రన్ చేసిన ప్రతిసారీ గుంపులు మారిపోతా ఉండాయి"

ముందు నిజంగా మారాయో లేదో చూడాలి. నిన్న మొదటి నాలుగు ఊర్లకు 1, తర్వాతి నాలుగింటికి 2 అని వచ్చింది. ఇవాళ మొదటి నాలుగింటికి 2, తర్వాతి వాటికి 1. మారింది గుంపు పేరే, గుంపు కాదు. రెండు ఫలితాల మధ్య సవరించిన రాండ్ సూచిక లెక్కించండి. హ్యూబర్ట్, అరబీ 1985లో ఇచ్చిన రూపం దాదాపు ప్రతి ప్యాకేజీలోనూ ఉంటుంది. 1 వస్తే ఏమీ మారలేదని, 0 దగ్గర వస్తే కళ్లు మూసుకుని పంచినంత పోలికే ఉందని అర్థం.

సూచిక తక్కువ వస్తే రెండు కారణాల్లో ఒకటి. మొదటిది, ఈఎమ్ అల్గారిథమ్ (అంచనాను మెట్టు మెట్టుగా మెరుగుపరుస్తూ మోడల్‌ను డేటాకు అమర్చే పద్ధతి) ఎక్కడ మొదలైతే ఆ పక్కనున్న గుట్ట ఎక్కి, అదే శేషాచలం అనుకుంటుంది. కనీసం 50 చోట్ల నుంచి మొదలుపెట్టి, అన్నిట్లోకీ సంభావ్యత ఎక్కువ వచ్చినదాన్ని ఉంచుకోండి. సీడ్ నంబరు (యాదృచ్ఛిక అంకెల వరుస ఎక్కడ మొదలవాలో చెప్పే సంఖ్య) తప్పకుండా రాసిపెట్టుకోండి. సీడ్ కట్టేసి "ఇప్పుడు మారడం లేదు" అనుకోవడం మాత్రం జ్వరమానిని దాచేసి జ్వరం తగ్గిందనుకోవడమే.

రెండో కారణం సూక్ష్మమైంది, బ్లాక్ మోడళ్ల మిశ్రమంలోనే వస్తుంది. ఇక్కడ దాగిన లేబుళ్లు రెండు అంతస్తుల్లో ఉంటాయి. ఊరు ఏ గుంపుదన్నది ఒక అంతస్తు, ఆ ఊర్లో ఇల్లు ఏ బ్లాకుదన్నది ఇంకో అంతస్తు. ఒక ఊర్లో పెద్ద ఇళ్లు "బ్లాక్ 1" అయ్యాయి, ఇంకో ఊర్లో "బ్లాక్ 3" అయ్యాయి. అల్లిక ఒకటే అయినా నంబర్లు కుదరక, మోడల్ వాటిని విడదీస్తుంది. పోల్చే ముందు బ్లాకులను ఒక వరుసలో పెట్టాలి. బ్లాకులు రెండు మూడే ఉంటే అన్ని వరుసలూ ప్రయత్నించి బాగా కుదిరేది తీసుకోవచ్చు, 3 బ్లాకులకు ఉన్నవి 6 వరుసలే. బ్లాకులు పెరిగితే అది కుదరదు. రెబఫ్కా 2024లో ప్రచురించిన పద్ధతి ఈ చిక్కును సూటిగా పట్టుకుంది. ప్రతి నెట్‌వర్క్‌ను ఒంటరి గుంపుగా మొదలుపెట్టి జతజతగా కలుపుకుంటూ పోతుంది. కలిపేటప్పుడు రెండు బ్లాక్ మోడళ్ల గ్రాఫాన్‌లను పోల్చి బ్లాకుల పేర్లు కుదురుస్తుంది, కలపడం ఎక్కడ ఆపాలో కూడా తనే తేల్చుకుంటుంది. నోడ్లు వేరువేరుగా ఉన్న ఊర్ల డేటాకు నేనైతే ముందు దీన్నే పట్టుకుంటాను, ఎందుకంటే చివర్లో వచ్చే చెట్టు బొమ్మలో ఏ ఊరు ఏ ఊరితో ఎప్పుడు కలిసిందో ఊరివాళ్లకు కూడా చూపించొచ్చు.

లక్షణం: చూడగానే తేడా తెలిసే రెండు ఊర్ల మధ్య దూరం సున్నా

ఐగెన్ విలువలతో పోల్చేవాళ్లకు ఎదురయ్యేది. ఒక పాల కేంద్రం, దానికి పాలు పోసే నాలుగిళ్లు: నక్షత్రం ఆకారం. ఇంకోచోట నాలుగిళ్లు గుండ్రంగా చేతులు పట్టుకున్నట్టున్నాయి, ఐదో ఇల్లు ఒంటరి. రెండింట్లోనూ 5 నోడ్లు, 4 లింకులు. రెండు మాత్రికల ఐగెన్ విలువలూ 2, 0, 0, 0, −2. దూరం సరిగ్గా సున్నా. ఒక ఊరు మొత్తం ఒక కేంద్రం మీద ఆధారపడింది, ఇంకో ఊర్లో ఒక ఇల్లు వెలిలో ఉంది. ఈ రెండింటినీ ఒకటేననే కొలతను నేను పనికి పెట్టను.

లాప్లాసియన్ మాత్రికకు (డిగ్రీలను వికర్ణం మీద పెట్టి, అందులోంచి లింకుల మాత్రికను తీసేస్తే వచ్చేది) మారండి. నక్షత్రానికి 0, 1, 1, 1, 5 వస్తాయి, రెండోదానికి 0, 0, 2, 2, 4. సున్నాలు ఎన్నుంటే ఊరు అన్ని ముక్కలు, కాబట్టి ఒంటరి ఇల్లు వెంటనే దొరుకుతుంది. లాప్లాసియన్‌కూ ఇలాంటి కవలలు ఉన్నారు, అందుకే ఐగెన్ విలువలతో పాటు ఆకృతుల లెక్క ఒకటైనా జత చేయండి. ఊర్ల పరిమాణాలు వేరైతే సాధారణీకరించిన (డిగ్రీలతో భాగించిన) లాప్లాసియన్ వాడండి. దాని విలువలన్నీ 0కూ 2కూ మధ్యే ఉంటాయి కనుక, వాటి పంపిణీలను పోల్చొచ్చు.

లక్షణం: 23 ఊర్లు ఒక గుంపు, ఒక ఊరు ఇంకో గుంపు

సోపానక్రమ పద్ధతిలో (దగ్గరి గుంపులను జతజతగా కలుపుకుంటూ పోయేది) సింగిల్ లింకేజ్ పెట్టి ఉంటారు, అంటే రెండు గుంపుల్లోని అతి దగ్గరి ఊర్ల మధ్య దూరమే ఆ గుంపుల దూరం. అది ఊరికి ఊరిని గొలుసులా కలుపుకుంటూ పోతుంది. సగటు లింకేజ్‌కో, కె-మెడాయిడ్స్‌కో (ప్రతి గుంపుకూ ఒక ఊరినే కేంద్రంగా పెట్టుకునే పద్ధతి) మారండి. వార్డ్ పద్ధతికి మాత్రం తొందరపడకండి, అది యూక్లిడియన్ (సరళరేఖ) దూరాల కోసం పుట్టింది, నెట్‌వర్క్ దూరాలు అన్నీ అలాంటివి కావు. మారినా ఆ ఒక్క ఊరు ఒంటరిగానే ఉంటే, దాని కాగితాలు తీసి చూడండి. ఎక్కడో ఒక ఇల్లు రెండుసార్లు నమోదై ఉండొచ్చు. లేదా ఆ ఊరు నిజంగానే వేరు కావచ్చు, అప్పుడు మీరు వెళ్లి కూర్చోవాల్సిన ఊరు అదే.

లక్షణం: గుంపుల సంఖ్య పెంచే కొద్దీ మోడల్ ఇంకా కావాలంటోంది

రెండు గుంపుల కంటే మూడు మేలంటుంది, మూడు కంటే ఏడు మేలంటుంది. ఎక్కువసార్లు కారణం గుంపులు ఉండటం కాదు, మోడల్ ఒక విషయాన్ని చెప్పలేకపోవడం. 1983లో హాలండ్, లాస్కీ, లైన్‌హార్ట్ ఇచ్చిన మామూలు బ్లాక్ మోడల్ ప్రకారం ఒక బ్లాకులోని ఇళ్లన్నిటికీ డిగ్రీలు దాదాపు సమానం. మన ఊర్లో చిల్లర అంగడి ఆవిడకు 40 ఇళ్లతో ఇచ్చిపుచ్చుకోవడం, పక్కింటికి ముగ్గురితోనే. ఈ ఎగుడుదిగుడును చెప్పే స్థలం లేక, మోడల్ కొత్త గుంపులు పుట్టిస్తుంది. కారర్, న్యూమన్ 2011లో ఇచ్చిన డిగ్రీ సవరణ ఉన్న రూపానికి మారితే గుంపుల ఆకలి తగ్గుతుంది.

ఇంకో కారణం జరిమానా లెక్క, అంటే మోడల్‌లో పరామితులు పెరిగే కొద్దీ దాని మార్కులు కోసే లెక్క. 3 బ్లాకుల మోడల్‌లో గుంపుకు లింకు సంభావ్యతలు 6, బ్లాకుల పాళ్లు 2, మొత్తం 8 పరామితులు. 4 గుంపులకు 32, గుంపుల పాళ్లు 3 కలిపితే 35. మోడళ్లను పోల్చే బీఐసీ ప్రమాణంలో ఒక్కో పరామితికి జరిమానా డేటా పరిమాణపు లాగరిథమ్ మీద ఉంటుంది. డేటా పరిమాణం అంటే ఇక్కడ ఏది? 24 ఊర్లంటే లాగరిథమ్ 3.18. ఒక్కో ఊరికి 1,225 జతల చొప్పున 29,400 అంటే 10.29. మూడు రెట్ల తేడా. ప్యాకేజీ ఏది వాడిందో చూడకుండా వచ్చిన అంకెను నమ్మొద్దు. గుంపులు స్పష్టంగా విడిపోకపోతే అదనంగా దండించే ఐసీఎల్ ప్రమాణం ఈ పనికి మెరుగు. దాంతోపాటు 24లో 4 ఊర్లను యాదృచ్ఛికంగా పక్కనపెట్టి మళ్లీ మళ్లీ గుంపులు చేయండి. కలిసుండే ఊర్లు ప్రతిసారీ కలిసే ఉన్నాయా? లేకపోతే ఆ గుంపుల సంఖ్య ఎక్కువైనట్టే.

అసలు గుంపులే లేని డేటాలో కూడా చాలా పద్ధతులు గుంపులు చూపిస్తాయి. అందుకని 24 ఊర్లకూ కలిపి ఒకే మోడల్ అమర్చి, దాన్నుంచి అవే పరిమాణాలతో 24 కృత్రిమ ఊర్లు పుట్టించి, మీ పద్ధతిని వాటి మీద నడపండి. ఓ 200 సార్లు. కృత్రిమ ఊర్లలో వచ్చే సిల్హూట్ విలువలు (గుంపులు ఎంత స్పష్టంగా విడిపోయాయో చెప్పేవి) మీ అసలు విలువకు సమానంగా ఉంటే, "గుంపులు కనిపించలేదు" అని రాయండి. అదీ ఫలితమే, దాన్ని రాసిన విద్యార్థికి నేను పూర్తి మార్కులు వేస్తాను.

లక్షణం: గుంపులు అందంగా పడ్డాయి, కానీ మ్యాప్ మీద పెడితే సర్వే బృందాల హద్దులే

దీనికి కోడ్‌లో మందు లేదు. ఒకసారి మా ముందుకు వచ్చిన ఫలితం చూసి అందరం సంతోషించాం. పడమటి ఊర్లు ఒక గుంపు, తూర్పు ఊర్లు ఒక గుంపు, సిల్హూట్ కూడా బాగుంది. మదనపల్లె వైపు మెట్ట, పుత్తూరు వైపు మగ్గాలు అని వివరణ కూడా సిద్ధం చేసేశాం. తర్వాత కాగితాలు తిరగేస్తే తేలింది, ఒక బృందం "ఐదు పేర్లు చెప్పమ్మా" అని అడిగింది, ఇంకో బృందం పేర్లు ఆగిపోయేదాకా రాసుకుంది. మేము కనుక్కున్నది రెండు రకాల ఊర్లను కాదు, రెండు రకాల ప్రశ్నలను. అంతసేపు తమ పనులు ఆపుకుని జవాబు చెప్పిన ఆ ఇళ్లవాళ్ల ముఖాలు గుర్తొచ్చి చాలా రోజులు మనసు బాగాలేదు.

ఇలాంటిచోట ముందు ప్రతి ఊరికీ ఇళ్లు చెప్పిన పేర్ల సంఖ్యకు ఒక పట్టిక వేయండి. ఎక్కడైనా 5 దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోతే అక్కడ పరిమితి పెట్టి అడిగినట్టే. అప్పుడు రెండో బృందం డేటాలో కూడా ప్రతి ఇంటికీ మొదట చెప్పిన 5 పేర్లే ఉంచి, అన్ని ఊర్లనూ ఒకే కొలతకు తెచ్చి మళ్లీ గుంపులు చేయండి. చెప్పిన వరుస కాగితం మీద ఉండి ఉంటేనే ఇది కుదురుతుంది. లింకును ఎలా లెక్కేశారో కూడా చూడండి: ఇద్దరిలో ఒకరు చెబితే చాలా, ఇద్దరూ చెప్పాలా? ఈ నియమం ఊరూరికీ మారితే సాంద్రతే మారిపోతుంది. డేటా ఫైల్‌లో ప్రతి ఊరి పక్కన అడిగిన బృందం, అడిగిన తేదీ, అడిగిన ప్రశ్న యథాతథంగా ఉండే మూడు నిలువు వరుసలు చేర్చండి. గుంపులు వచ్చాక, గుంపు నంబరుకూ బృందం నంబరుకూ మధ్య కూడా రాండ్ సూచిక లెక్కించండి. అది 0 దగ్గర ఉన్నాకే ఊర్ల గురించి మాట్లాడటం మొదలుపెట్టండి.